42 రోజులు దాటిన బాలింత ఎవరి లెక్కలో ఉంది? వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

కనిగిరి దగ్గరి పల్లె నుంచి రాస్తున్నాను. కాన్పయిన 42 రోజుల తర్వాత జబ్బుపడిన మా చెల్లెలి గురించి అధికారులు సోమవారం తీసుకునే అర్జీల్లో ఇచ్చాం. మీ కార్యాలయానికి పోస్టులోనూ పంపాం. 'మీ అర్జీ పరిష్కరించబడింది' అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో చెప్పే మనిషి దొరకలేదు. ఇక నలుగురూ చదివేచోట రాయక తప్పలేదు.

మా చెల్లెలికి రెండో కాన్పు, కవలలు. ఎనిమిదో నెలలో బీపీ పెరిగి కాళ్లు వాచాయి. ఆపరేషన్ చేసి బిడ్డలను తీశారు, ఇద్దరూ క్షేమం. ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో తప్పకుండా వచ్చింది, ఆమెను ఒక్క మాట అనను. ఆ 42వ రోజుతో తల్లీబిడ్డల కార్డు నిండింది, మీ శాఖకు మా చెల్లెలితో పని అయిపోయింది. కాన్పయిన మూడో నెలలో పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. అర్ధరాత్రి లేచి గోడకు ఆనుకుని కూర్చునేది. పొడిదగ్గు. పెరట్లోకి వెళ్లొస్తే ఆయాసం. ఆసుపత్రికి తీసుకెళ్తే రక్తం తక్కువని ఐరన్ బిళ్లలు ఇచ్చారు, ఇంకోసారి ఉబ్బసమన్నారు. ఇంట్లో పెద్దవాళ్లు పథ్యం తప్పిందని, చన్నీళ్లలో చేతులు పెట్టిందని దాన్నే తిట్టారు. చివరికి ఒంగోలులో ఎకో, అంటే గుండె స్కాన్ తీస్తే గుండె పంపింగ్ 25 శాతమే ఉంది. కాన్పు సమయంలో వచ్చే గుండె కండరాల జబ్బు, పెరిపార్టం కార్డియోమయోపతి అన్నారు.

ఎందుకొచ్చిందని అడిగితే ఆ డాక్టరు గారు ఓపికగా చెప్పారు. ఇదీ కారణమని ఇంతవరకూ ఎవరూ తేల్చలేదట. పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ హార్మోన్ కొందరి ఒంట్లో ముక్కలవుతుందని, ఆ ముక్క గుండెలోని సన్నటి రక్తనాళాలను దెబ్బతీస్తుందని ఒక వాదన. అందుకే కొన్నిచోట్ల పాలను ఆపే బ్రోమోక్రిప్టిన్ అనే మందు ఇచ్చి చూస్తున్నారు. నెలలు నిండేకొద్దీ గర్భంలోని మాయ నుంచి రక్తంలోకి చేరే ఒక ప్రోటీన్ నాళాలను ఎదగనివ్వదని మరో వాదన. బీపీ పెరిగిన గర్భిణుల్లో, కవలలు ఉన్నవాళ్లలో ఆ ప్రోటీన్ ఎక్కువ. 2016లో ఈ జబ్బున్న 172 మందిని పరిశీలిస్తే దాదాపు 15 శాతం మందిలో గుండె కండరాల జన్యువుల్లో లోపాలు బయటపడ్డాయి, వాటిలో ఎక్కువ టైటిన్ అనే జన్యువులోనే. వైరస్ జ్వరాల తర్వాత గుండెకు వచ్చే వాపునూ, ఒంట్లో సెలీనియం అనే ఖనిజం తగ్గడాన్నీ కూడా అనుమానించినవాళ్లున్నారు. చన్నీళ్లని ఎవరూ అనలేదు. ఈ సంగతి మా ఇంట్లోవాళ్లకు చెప్పడానికి నాకు ఒంగోలు డాక్టరు కావలసి వచ్చింది.

కారణం తేలకపోయినా ఎవరికి రావచ్చో తెలుసు కదండీ. బీపీ, కవలలు, ముప్పై దాటిన వయసు. ఈ మూడూ మా చెల్లెలి కార్డు మీద మీ సిబ్బంది చేతిరాతలోనే ఉన్నాయి. ఈ జబ్బు చివరి నెల నుంచి కాన్పయిన ఐదు నెలల దాకా ఎప్పుడైనా బయటపడవచ్చు. అలాంటప్పుడు 42 రోజులకే ఎందుకు వదిలేస్తున్నారు? ప్రసూతి మరణమని రాసుకునేదీ 42 రోజుల లోపుదే. మా చెల్లెలు ఆ మూడో నెలలో పోయి ఉంటే అది మీ లెక్కలోకి వచ్చేది కాదు. సమీక్ష ఉండేది కాదు, ఎందుకు పోయిందని అడిగేవాళ్లుండేవారు కాదు. ఎవరూ అడగకపోతే కారణం ఎప్పటికి తెలుస్తుంది? కాన్పుకు సంబంధించిన కారణాలతో 42 రోజులు దాటాక ఏడాది లోపు పోయిన తల్లులను ఆలస్య ప్రసూతి మరణాలుగా వేరే రాయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. దయచేసి వాళ్లనూ లెక్కపెట్టండి.

బీపీ వచ్చినవాళ్లను, కవలలను కన్నవాళ్లను ఐదు నెలల దాకా ఇంటికి వెళ్లి చూడమని చెప్పండి. పడుకుంటే ఊపిరాడటం లేదని బాలింత చెబితే రక్తం తక్కువని పంపేయకుండా ఎకోకు రాయమనండి. ఆ ఎకో మా వైపు దొరికేలా చూడండి. పామూరు అవతలి పల్లెల నుంచి ఒంగోలుకైనా నెల్లూరుకైనా సగం పూట ప్రయాణం. ఊపిరాడని మనిషిని బస్సులో కూర్చోబెట్టి తీసుకెళ్లడం ఎలా ఉంటుందో చెప్పమంటే చెప్పలేను.

మందులతో ఇప్పుడు పంపింగ్ మెల్లగా పెరుగుతోంది. చాలామంది కోలుకుంటారని డాక్టరు ధైర్యం చెప్పారు. కానీ మళ్లీ గర్భం వస్తే జబ్బు తిరగబెట్టవచ్చని, ప్రాణం మీదికే రావచ్చని కూడా చెప్పారు. ముగ్గురూ ఆడపిల్లలే. మగపిల్లాడి కోసం ఇంకో కాన్పు చూద్దామని అత్తగారింట్లో అప్పుడే మాటలు మొదలయ్యాయి. నేను చెబితే పుట్టింటివాళ్ల మాట అని కొట్టిపారేస్తున్నారు. మంత్రి గారూ, మిగతావి మీకు కుదిరినప్పుడు చేయండి. ముందు ఒక ప్రభుత్వ డాక్టరమ్మను ఆ ఇంటికి పంపి, ఈ పిల్లకు ఇంకో కాన్పు వద్దని మా బావకూ అత్తగారికీ ఎదురుగా కూర్చుని చెప్పించండి.

ఇట్లు,
ఒక బాలింత అన్న,
కనిగిరి ప్రాంతం, ఉమ్మడి ప్రకాశం జిల్లా