సీఆర్‌ఎం కొనేముందు బయటపడే దారి చూసుకోవాలి

సంపాదకులకు,

చిట్‌ఫండ్ కంపెనీలు, విత్తన వ్యాపారులు, డయాగ్నస్టిక్ సెంటర్లు, కోచింగ్ కేంద్రాలు తమ ఖాతాదారుల ఫోన్ నంబర్లు, బాకీలు, ఫిర్యాదులు అన్నీ సీఆర్‌ఎం, అంటే ఖాతాదారుల వివరాలు, లావాదేవీలు ఒకేచోట ఉంచే సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తున్నాయి. దాన్ని క్లౌడ్‌లో, అంటే వేరే కంపెనీ సర్వర్ల మీద ఇంటర్నెట్ ద్వారా వాడుకునేలా అద్దెకు తీసుకోవాలా, ఆఫీసులోనే సర్వర్ పెట్టుకోవాలా అన్నది చాలాచోట్ల అమ్మడానికి వచ్చినవాడి మాట మీదే తేలిపోతోంది. అది వాళ్ల సొంత వ్యవహారం అని ఊరుకోలేం. ఆ వివరాలు మనవి.

20 మంది వాడే సంస్థకు మనిషికి నెలకు వెయ్యి రూపాయలు అనుకుంటే క్లౌడ్ అద్దె ఐదేళ్లకు 12 లక్షలు. దానిపై 18 శాతం జీఎస్టీ. ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నవాటిపై కట్టిన జీఎస్టీని తాము కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకునే వీలు) వచ్చేవారు ఈ పన్నును లెక్కలో కలపనక్కర్లేదు. తమ సేవలకే జీఎస్టీ మినహాయింపు ఉన్న డయాగ్నస్టిక్ సెంటర్లకు మాత్రం అది పూర్తిగా ఖర్చే, అంటే 14.16 లక్షలు. ఈ అంకె చూసి భయపడి, లైసెన్సు రుసుము లేని సూట్‌సీఆర్‌ఎం లాంటిది సొంత సర్వర్‌లో వేసుకుందామంటారు. సర్వర్, యూపీఎస్, బ్యాటరీలు, రెండో ఇంటర్నెట్ లైను కొటేషన్‌లో కనిపిస్తాయి. కనిపించనిది దాన్ని చూసుకునే మనిషి జీతం.

ఆ మనిషి లేనిచోట జరిగేది ఒకటే. డీలర్ అసలు కోడ్‌లోనే మార్పులు చేసి పెడతాడు. అప్‌డేట్ చేస్తే అవి పోతాయి కనుక ఏళ్ల తరబడి ఎవరూ అప్‌డేట్ చేయరు. బయట తిరిగే సిబ్బంది కోసం రిమోట్ డెస్క్‌టాప్‌ను (దూరం నుంచి ఆఫీసు కంప్యూటర్‌ను నడిపే సదుపాయాన్ని) నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచిపెడతారు. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ తరచుగా వచ్చే దారుల్లో అదొకటి. సర్వర్‌లో ఒకే సమాచారం రెండు డిస్కుల్లో ఉందిగా అన్న ధీమా అప్పుడు పనికిరాదు, మొదటిదానిలో పాడైనదే ఆ క్షణాన రెండోదానిలోకీ వెళ్తుంది. ఎప్పుడూ తగిలించే ఉంచిన బ్యాకప్ డిస్కుదీ అదే గతి. ఒక ప్రతి వేరే భవనంలో ఉండాలి, మూడు నెలలకోసారి దాన్ని మరో యంత్రంలోకి ఎక్కించి తెరిచి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్‌ను నేనైతే బ్యాకప్ అనను.

క్లౌడ్‌లో ఈ బెడద తక్కువే, కానీ పూర్తిగా నిశ్చింత కాదు. కంపెనీ తీసే బ్యాకప్ దాని యంత్రాలు చెడితే కాపాడుకోవడానికి. మన గుమస్తా పొరపాటున చెరిపేసినవి రీసైకిల్ బిన్‌లో కొన్నాళ్లే ఉంటాయి, సేల్స్‌ఫోర్స్‌లో 15 రోజులు. అసలు చిక్కు ఆ కంపెనీ సేవ మానేసేటప్పుడు వస్తుంది. సీఎస్‌వీ ఫైల్‌గా, అంటే వరుసలు, గడుల మామూలు పట్టికగా దించుకుంటే పేర్లు, నంబర్లు వస్తాయి. జతచేసిన పత్రాలు, కాల్ రికార్డింగులు, ఏ ఫిర్యాదు ఎవరిదన్న లంకె చాలాసార్లు రావు. కనుక ట్రయల్ రోజుల్లోనే ఒక వంద మంది వివరాలు ఎక్కించి, మొత్తం బయటికి దించి సరిచూడాలి. అన్ని అధికారాలూ ఉండే అడ్మిన్ ఖాతా డీలర్ ఈమెయిల్ మీద కాక సంస్థ ఈమెయిల్ మీదే ఉండాలి.

పూర్తికాలం సిస్టమ్స్ మనిషి లేని సంస్థకు నా సలహా క్లౌడే. మనిషి ఉండి, ఇంటర్నెట్ నిలకడ లేని ఊళ్లో పని ఆగకూడదంటే సొంత సర్వర్.

ఏది ఎంచుకున్నా చట్టం ముందు బాధ్యత వివరాలు సేకరించిన సంస్థదే. క్లౌడ్ కంపెనీని చూపించి తప్పుకోవడానికి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ఒప్పుకోదు. తగిన భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల దాకా ఉంది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతల అమలుకు 18 నెలల గడువిచ్చారు. ఇక సైబర్ దాడి జరిగినట్టు తెలిసిన 6 గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలన్న ఆదేశం 2022 నుంచే ఉంది. జిల్లాల్లో ఎంతమంది యజమానులకు ఇది తెలుసు?

ఆ గడువు తీరేలోగా రెండు రాష్ట్రాల పరిశ్రమల శాఖలు తెలుగులో ఒక నమూనా ఒప్పందం తయారుచేసి జిల్లా పరిశ్రమల కేంద్రాల్లో ఉంచాలి. డేటా ఏ దేశంలో ఉంటుంది, మానేస్తే ఏ రూపంలో ఎన్ని రోజుల్లో తిరిగిస్తారు, ఆ తర్వాత చెరిపేసినట్టు రాసిస్తారా, చోరీ జరిగితే ఎన్ని గంటల్లో చెబుతారు అన్న నాలుగు షరతులు అందులో ఉంటే చాలు, రెండు పేజీలు దాటదు.

— ఒక సాఫ్ట్‌వేర్ నిర్వాహకుడు, విజయవాడ