పడమటి అరుగు మీద ఎండకు కూర్చున్న అమ్మకు

రాత్రి పదకొండు దాటింది. బాబు ఇప్పుడే పడుకున్నాడు. నిన్న మధ్యాహ్నం రెండింటి నుంచి ఐదింటి దాకా విజయవాడలో నేను పరీక్ష రాస్తుంటే, వీడిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఒక అమ్మ కోసం ఇది రాస్తున్నాను. ఆమె పేరు నాకు తెలియదు. అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. నిన్నటి నుంచి అదే మనసులో పీకుతోంది. ఆమె ఫోన్లో ఇలాంటివి చూస్తుందని నేను అనుకోను. అందుకే ఆ పరీక్ష జరిగిన కాలేజీలో పనిచేసేవాళ్లెవరైనా ఇది చదివితే గుర్తు చెప్తున్నాను. చీర మీద మగవాళ్ల చొక్కా వేసుకుని, నడుముకు తాళాల గుత్తి దోపుకుని గదులు తుడిచే ఆవిడ. దయచేసి ఆమెకు ఇది చదివి వినిపించండి.

నేను నూజివీడు దగ్గర ఒక ఊళ్లో అంగన్‌వాడీ టీచర్‌ని. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివాను. పోయినేడు శిశు సంరక్షణ, విద్య డిప్లొమాకు దూరవిద్యలో ఫీజు కట్టాను. ఎందుకు కట్టానో కూడా చెప్పాలి. పిల్లల బరువు తూస్తాను, ఎత్తు కొలుస్తాను, జబ్బకు టేపు చుట్టి 11.5 సెంటీమీటర్ల కంటే తగ్గితే ప్రమాదమని రాసి పంపిస్తాను. ఇవన్నీ వచ్చు. కానీ ఒక తల్లి వచ్చి "మావాడికి మూడో ఏడు వచ్చినా మాటలు రావట్లేదు టీచర్" అంటే "వచ్చేస్తాయిలే అమ్మా" అనడం తప్ప నాకు ఏమీ చేతకాదు. ఆ మాట అన్న ప్రతిసారీ సిగ్గేసేది. ఎప్పటికైనా సూపర్‌వైజర్ పోస్టుకు పనికొస్తుందన్న ఆశ కూడా ఉంది, దాచను.

ఉద్యోగం చేస్తూ చదవడం ఎలా ఉంటుందో అలా చదివినవాళ్లకే తెలుస్తుంది. తొమ్మిదింటికి సెంటర్ తెరిస్తే నాలుగింటికి మూస్తాం. అప్పుడు రిజిస్టర్లు, పోషణ్ ట్రాకర్ అనే ప్రభుత్వ యాప్‌లో ఎంట్రీలు. ఇంటికి రేషన్ ఇవ్వాలంటే తల్లి ముఖం ఫోన్‌కు చూపించాలి, సిగ్నల్ ఉండదు, ఆమెను తీసుకుని వాటర్ ట్యాంకు దాకా నడవాలి. ఇంటికొచ్చి వంట, బాబు. పుస్తకం తెరిచేసరికి పది. నాకు వచ్చిన పుస్తకాలు ఇంగ్లిష్‌లో ఉన్నాయి. ఒక్కో పేజీ మీద పెన్సిల్‌తో తెలుగులో అర్థాలు రాసుకుని, మళ్లీ మొదటి నుంచి చదివేదాన్ని. ఒక్కోసారి ఒక పేరాకే అర్ధరాత్రి అయ్యేది.

కానీ చదువు ఊరికే పోలేదు. ప్రాజెక్టు కోసం పిల్లలు ఆడుకుంటుంటే పక్కన కూర్చుని, ఏం చేస్తున్నారో, ఏం మాట్లాడుతున్నారో రాసుకోవాలి. మా సెంటర్‌లో నాలుగేళ్ల పాప ఒకతి ఉంది. ఆరు నెలలుగా నాతో ఒక్క మాట మాట్లాడలేదు. చింతపిక్కలు కుప్ప పోసి దూరంగా కూర్చున్నాను. కాసేపటికి ఆ పిల్ల ఒక్కో పిక్కకు ఒక్కో పేరు పెట్టి "నువ్వు అన్నం తిను, నువ్వు పడుకో" అని చెప్పడం మొదలుపెట్టింది. ఆ రోజు పుస్తకం మీద నాకు నమ్మకం కలిగింది.

ఇక నిన్నటి సంగతి.

మొదటి రెండు పేపర్లకు మా అత్తగారు నాతో వచ్చి, కాలేజీ ఆవరణలో వేపచెట్టు కింద బాబును ఆడించారు. మూడో పేపరుకు ముందు రోజు రాత్రి పెరట్లో జారి ఆవిడకు మడమ బెణికింది. మా ఆయన మామిడి లోడుతో నాగపూర్ దారిలో ఉన్నారు. అమ్మ ఖమ్మంలో అన్నయ్య దగ్గరుంది. సెంటర్‌లో ఆయా ఉంచుకుంటానంది గానీ, నేను సెలవు పెడితే 22 మంది పిల్లలకు ఆవిడ ఒక్కతే, వంటా ఆవిడే. బాబుకు 14 నెలలు, ఇంకా నా పాలు తాగుతాడు. కొత్తవాళ్లను చూస్తే గుక్కపెట్టి ఏడ్చే వయసు. వేరే దారి లేక చంకనేసుకుని బస్సెక్కాను. ఎవరో ఒకరు దొరుకుతారులే అనుకున్నాను. పిల్లల గురించి చదివేదాన్ని, నేనే అలా అనుకున్నాను.

పరీక్ష గదుల దగ్గర ఆపేశారు. పిల్లలతో లోపలికి పోకూడదు. అది రూలు, వాళ్లను తప్పుపట్టను. కానీ అక్కడ ఒకాయన "పిల్లాణ్ని చూసుకునే దిక్కు లేనప్పుడు ఈ పరీక్షలెందుకమ్మా?" అన్నాడు. ఆయన మనసులో చెడు లేదేమో. నాకు మాత్రం ఏడాది పాటు మేలుకున్న రాత్రులన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. టైము ఒకటీ నలభై. సరే, బస్టాండుకు పోదామని వెనక్కి తిరిగాను.

మెట్లు తుడుస్తున్న ఆమె బకెట్ పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చింది. వచ్చి బాబును నా చేతుల్లోంచి తీసుకోలేదు. నేను చెప్పాలనుకున్నది ఇదే. వాడి వంక చూడను కూడా చూడలేదు. నా కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని, నడుములోంచి తాళాల గుత్తి తీసి, మెట్టు మీద మెల్లగా మోగించింది. మళ్లీ మోగించింది. వాడు నా భుజం మీంచి తొంగి చూశాడు. మూడోసారికి దిగుతానని కాళ్లు ఆడించాడు.

కొత్త మనిషి బిడ్డను లాక్కోకూడదు, బిడ్డ ఎత్తుకు వంగాలి, బిడ్డే దగ్గరికి వచ్చేదాకా ఆగాలి. ఈ విషయం నేను పుస్తకంలో రెండు రాత్రులు కూర్చుని అర్థం చేసుకున్నాను. ఆమె తుడిచే గుడ్డ పక్కన పెట్టి వచ్చి చేసి చూపించింది.

తర్వాత నన్ను మూడు అడిగింది. ఏం తింటాడు, ఏమని పిలుస్తారు, నిద్రొస్తే ఏం చేస్తాడు. పెరుగన్నం డబ్బా ఇచ్చాను. చిన్నా అంటామన్నాను. నిద్రొస్తే చెవి లాక్కుంటాడని చెప్పాను. ఇంత పరీక్ష టెన్షన్‌లో నాకు నేనుగా ఇవి చెప్పాలని తోచలేదు.

అప్పుడు "నీది ఏ రూమమ్మా?" అంది. ఆరో గది అని హాల్ టికెట్ చూపించాను. ఆమెకు చదువు రాదనుకుంటా, అంకెలు మాత్రం చూసింది. పొద్దున ఆ గది ఊడ్చింది తనే కాబట్టి ఏ నంబరు ఎక్కడ అంటించారో గుర్తుంది. "నీది పడమటి కిటికీ పక్కన. నువ్వు పోయి కూర్చో. నేను ఆ కిటికీ ఎదురుగా అరుగు మీద కూర్చుంటా. తలెత్తితే బిడ్డ కనపడతాడు. భయం లేకుండా రాసుకో" అంది.

నిజంగానే కనిపించాడు.

పేపర్లో టీకాల ప్రశ్న వచ్చింది. అది నేను నిద్రలో లేపి అడిగినా చెప్తాను. పుట్టగానే క్షయ రాకుండా బీసీజీ, పోలియో చుక్కలు, కామెర్ల జబ్బుకు హెపటైటిస్-బి. 6, 10, 14 వారాలకు ఐదు జబ్బులకు ఒకే సూది, పెంటావాలెంట్. 9 నెలలు నిండాక తట్టు, రుబెల్లాకు ఎంఆర్. రోజూ తల్లులకు చెప్పేదే. కానీ సరిగ్గా అప్పుడే వాడి ఏడుపు వినిపించింది. చెయ్యి ఆగిపోయింది. లేచి నిలబడ్డాను. ఇన్విజిలేటర్ మేడమ్ నా వైపు చూశారు. కిటికీ అవతల నుంచి ఆ అమ్మ అరచేయి చూపించి కూర్చో అన్నట్టు కిందికి ఊపింది. వాడిని భుజాన వేసుకుని అటూ ఇటూ నడిచింది. నడిచినంతసేపూ కిటికీ దాటి పోలేదు, ఆ చివర దాకా వచ్చి మళ్లీ వెనక్కి తిరిగేది. కాసేపటికి వాడి చెయ్యి వాడి చెవి మీద కనిపించింది. నేను మళ్లీ రాయడం మొదలుపెట్టాను.

ఐదింటికి బయటికి వచ్చి అరుగు దగ్గరకు పరిగెత్తాను. అప్పుడు తెలిసింది. అది పడమటి వైపు. జూన్ నెల, విజయవాడ ఎండ, మధ్యాహ్నం మూడు గంటలూ అక్కడ నీడన్నది లేదు. వేపచెట్టు నీడ అవతలి పక్క, తూర్పున ఉంది. హాయిగా అక్కడ కూర్చోవచ్చు. కానీ అక్కడ కూర్చుంటే నాకు కనపడదు. అందుకని ఎండలో కూర్చుంది. పైట తీసి బాబు మీద పందిరిలా రెండు చేతులతో పట్టుకుని ఉంది. వాడికి చెమట కూడా పట్టలేదు. ఆమె ముఖం కందిపోయి ఉంది.

నేను ఏడ్చేశాను. ఇప్పుడు రాస్తున్నా ఏడుపు వస్తోంది.

ఐదు వందలు ఇవ్వబోయాను. తీసుకోలేదు. "డబ్బులెందుకమ్మా, ఇవాళ నాకు కూర్చునే పని దొరికింది" అని నవ్వింది. బాబును ఇచ్చి, మోకాళ్లు పట్టుకుని లేచింది. మేము గేటు దాటుతూ వెనక్కి తిరిగి చూస్తే, బకెట్ పట్టుకుని పై అంతస్తు మెట్లు ఎక్కుతోంది. మూడు గంటలు నా బిడ్డను చూసినందుకు ఆ మూడు గంటల పని ఆమె కోసం అక్కడే ఆగి ఉంది. పరిగెత్తి వెళ్లి ఒక గదైనా తుడవాల్సింది నేను. బస్సు పోతుందని వచ్చేశాను. ఆగిరిపల్లి దాటేదాకా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను.

తెలియని మనిషికి బిడ్డనెలా ఇచ్చావని కొందరు తిడతారు. తిట్టండి, తప్పు లేదు. నేను మా తల్లులకు చెప్పేది కూడా అదే. కానీ ఒక్క మాట అడగనివ్వండి. అంతకుముందు పేపరుకు నేను చట్టాలు చదివాను. 2017లో ప్రసూతి ప్రయోజన చట్టాన్ని మార్చి, 50 మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్, అంటే పిల్లలను చూసుకునే చోటు, ఉండాలన్నారు. 6 నెలల నుంచి 6 ఏళ్ల పిల్లలకు క్రెష్‌ల కోసం కేంద్రానిది పాల్నా పథకం ఉంది. ఇవన్నీ నీట్‌గా గీతలు గీసి మరీ రాశాను. పరీక్షలకు వచ్చేవాళ్లకు ఆ చట్టం వర్తించదని తెలుసు. అయినా శిశు సంరక్షణ చదువు చదివేవాళ్లలో చంటిబిడ్డల తల్లులు ఉంటారని ఎవరికీ తోచలేదా? ఒక గది, ఒక చాప, ఒక మనిషి చాలదా? మేము ఊళ్లో అందరి పిల్లలనూ చూస్తాం. మేము ఒక్కరోజు సెలవు పెడితే మా బదులు వచ్చే మనిషి లేదు. మాకు ఇచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 2023 డిసెంబర్‌లో సమ్మెకు దిగినప్పుడు అది 11,500, ఆయాలకు 7,000. 42 రోజులు రోడ్ల మీద కూర్చున్నాం. ఇంకా చదువుకోండి, క్వాలిఫికేషన్ పెంచుకోండి అంటారు. పెంచుకుంటాం. పెంచుకునే మూడు గంటలు మా బిడ్డ ఎక్కడుండాలో కూడా చెప్పండి.

కోపంలో ఎక్కువ రాసినట్టున్నాను. ఉండనివ్వండి.

మా అత్తగారికి, మా ఆయనకు, అమ్మకు వేరే చెప్పక్కర్లేదు. వాళ్లు లేకపోతే నేను ఫీజు కట్టే దాకా కూడా వచ్చేదాన్ని కాదు.

మా ఆయాగారికి, మూడు రోజులు ఒంటిచేత్తో సెంటర్ నడిపినందుకు. పక్క ఊరి టీచర్‌కి, తన పాత నోట్సు ఇచ్చినందుకు. అసైన్‌మెంట్ల ఆఖరు తేదీ రోజు కరెంటు పోతే రాత్రి తొమ్మిది దాకా షాపు తెరిచి ఉంచిన జిరాక్స్ తమ్ముడికి. నా పెన్ను రాయకపోతే అడగకముందే తన పెన్ను వెనక్కి అందించిన ముందు బెంచీ అమ్మాయికి. ఆ పెన్ను నా దగ్గరే ఉండిపోయింది, సారీ అమ్మా. అయ్యో, ఇన్విజిలేటర్ మేడమ్‌ని మర్చిపోయాను. నేను లేచి నిలబడినప్పుడు కోప్పడకుండా, వెళ్లి ఆ కిటికీ రెక్క పూర్తిగా తెరిచారు. మీకు కూడా, మేడమ్.

పాసవుతానో లేదో తెలియదు. టీకాల ప్రశ్న మాత్రం పూర్తిగా రాశాను. మార్కుల మెమో వచ్చిన రోజు బాబును తీసుకుని ఆ కాలేజీకి వస్తాను. అమ్మా, ఎవరైనా మీకు ఇది చదివి వినిపిస్తే, మీ పేరు వాళ్లకు చెప్పి నాకు చేరవేయమనండి.

బాబు కదులుతున్నాడు. పొద్దున తొమ్మిదింటికి సెంటర్ తెరవాలి, ఉంటాను.