మా పిల్లల తూకం ఒక్కటే చూడకండి, మంత్రి గారూ

గౌరవనీయులైన మహిళా శిశు వికాస శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో గోదావరి ఒడ్డు పల్లె నుంచి రాస్తున్నాను. మా అంగన్‌వాడీ గురించి రెండేళ్ళలో మూడు అర్జీలు పెట్టాం. మొదటి రెండూ మరాఠీలోనే రాయించాం, భాష అర్థం కాలేదనే మాట రాకూడదని. మూడోది గ్రామసభ తీర్మానంతో ఇచ్చాం. రసీదులు ఉన్నాయి, జవాబు లేదు. అందుకే ఈసారి నాకు బాగా వచ్చిన తెలుగులో, నలుగురూ చదివేలా రాస్తున్నాను. ఎవరో ఒకరు మీకు చదివి చెబుతారని ఆశ.

మేం అడిగింది పెద్దదేమీ కాదు. పిల్లలు ఆడుకోవడానికి కంచె వేసిన కాస్త జాగా.

అంగన్‌వాడీ అద్దె గదిలో నడుస్తోంది. గడప దాటితే రోడ్డు, రోడ్డు మీద ఇసుక లారీలు. ఇరవై మంది పిల్లల్ని బయటికి వదలడానికి అంగన్‌వాడీ నడిపే సేవిక భయపడుతుంది. ఆమెను తప్పు పట్టను, నేనైనా వదలను. తలుపు దగ్గరికి వేసి, ఫోన్‌లో పాటలు పెట్టి, అందరినీ ముందు కూర్చోబెడుతుంది.

ఇంట్లో నేను చేసిందీ అదే. నేను మిషన్ కుడతాను. మిర్చి ఏరే కాలం వస్తే మా ఆయన నది దాటి తెలంగాణకు పోతాడు, నెలల తరబడి రాడు. అత్తకు మోకాళ్ళ నొప్పులు, పిల్ల వెంట తిరగలేదు. పాప చేతిలో ఫోన్ పెడితేనే నా జాకెట్లు పూర్తవుతాయి. అన్నం పెట్టాలన్నా ఫోనే. అది చూస్తూ ఎన్ని ముద్దలు పెట్టినా తింటుంది, ఆపేస్తే నోరు తెరవదు. నేను సంతోషపడ్డాను మంత్రి గారూ, బిడ్డ బాగా తింటోందని.

పాపకు నాలుగేళ్ళు నిండాయి. 21 కిలోలు ఉంది. ఈ వయసు ఆడపిల్లలు 16 కిలోలు, అటూఇటూగా ఉంటారట. నెలనెలా తూకం వేస్తూనే ఉన్నారు. "మీ పాప చార్టులో ఆకుపచ్చ రంగులో ఉంది, అంటే బరువు తక్కువ లేదు, టెన్షన్ లేదు" అని పంపించేవాళ్ళు. నాలుగు అడుగులు పరుగెత్తితే ఆయాసపడుతోందని నది అవతలి పిల్లల డాక్టర్‌కు చూపించాను. ఆయన ఎత్తు కొలిచి, బరువు చూసి, ఇది బలం కాదమ్మా, కొవ్వు అన్నారు. ఫోన్ ఎంతసేపు చూస్తుందని అడిగారు. లెక్క వేసుకుంటే రోజుకు నాలుగు గంటలు దాటింది. నాకు ఏడుపొచ్చింది.

రెండేళ్ళు నిండని పిల్లలకు ఫోన్, టీవీ అసలు వద్దని, ఆ తర్వాత ఐదేళ్ళ దాకా రోజుకు గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పిందట. మన దేశంలోని పిల్లల డాక్టర్ల సంఘం 2021లో అదే మాట చెప్పింది. మూడు, నాలుగేళ్ళ పిల్లలు రోజుకు మూడు గంటలు కదులుతూ ఉండాలి, అందులో ఒక గంట చెమట పట్టేలా ఆడాలి, పది గంటలకు తగ్గకుండా నిద్రపోవాలి. ఒక్క గదిలో, తలుపు వేసి, ఈ మూడు గంటలు ఎక్కడ ఆడించమంటారు?

డాక్టర్ నాకు అర్థమయ్యేలా చెప్పారు. ఫోన్ పిల్లను కదలనివ్వదు, కడుపు నిండిన సంగతి తెలియనివ్వదు, నిద్ర తగ్గిస్తుంది, మధ్యలో చిప్స్, చాక్లెట్ల ప్రకటనలు చూపిస్తుంది. మా కొట్లో ఐదు రూపాయలకే ప్యాకెట్ దొరుకుతుంది.

గడ్చిరోలి అనగానే అందరికీ బక్క పిల్లలే గుర్తొస్తారు. నిజమే, మా వాడలోనే ఇద్దరు ఎరుపులో, అంటే బాగా తక్కువ బరువులో ఉన్నారు. ముందు వాళ్ళనే చూడాలి, కాదనను. కానీ లావెక్కడం పట్నం పిల్లల సమస్యే అనుకోకండి. ప్రభుత్వ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఉంది: దేశంలో ఐదేళ్ళలోపు పిల్లల్లో బరువు ఎక్కువున్నవాళ్ళు 2015-16లో 2.1 శాతం, 2019-21 నాటికి 3.4 శాతం. మన రాష్ట్రంలోనే, పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ గారి బృందం ఎన్నో ఏళ్ళ కిందటే ఇంకో సంగతి చూపించింది. మన పిల్లలు ఇంగ్లండ్ పిల్లలకంటే తక్కువ బరువుతో పుడతారు, కానీ ఒంట్లో కండ తగ్గినంతగా కొవ్వు తగ్గదు. అంటే బక్కగా కనిపించే పిల్లలోనూ కొవ్వు దాగి ఉండొచ్చు. ఉత్త తూకం అది ఎలా చెబుతుంది?

అంగన్‌వాడీ పిల్లల వివరాలు ఎక్కించే పోషణ్ ట్రాకర్ అనే ఫోన్ యాప్‌లో ఎత్తు కూడా ఎక్కిస్తున్నారు కదా. ఎత్తుకు బరువు ఎక్కువైతే అందులో తెలుస్తుంది కదా. మరి నాకెందుకు చెప్పలేదు? సేవికను అడిగితే, పైనుంచి తక్కువున్న పిల్లల గురించే అడుగుతారక్కా అంది. ఫోన్ ఎంతసేపు చూపిస్తున్నారని తల్లిని ఒక్క మాట అడగడానికి ఖర్చేమీ లేదు. తెలుగులో అడిగించండి. ఇక్కడ ఇళ్ళల్లో తెలుగే. గోడ మీది మరాఠీ కాగితం మా అత్త చదవలేదు. అంగన్‌వాడీ పాటలూ మరాఠీవే, పిల్లకు తెలుగు పాట దొరికేది ఫోన్‌లోనే. అది కూడా ఒక కారణం, దయచేసి ఆలోచించండి.

జాగా సంగతి మళ్ళీ చెబుతున్నాను. మొదటి అర్జీ ఇచ్చాక ఇద్దరు మనుషులు వచ్చారు. గుడి వెనక ఖాళీ స్థలం చూశారు, నాలుగు మూలలా గుంజలు పాతారు, తాడుతో కొలిచారు. వచ్చే నెలలో కంచె వేస్తామన్నారు. పిల్లలు ఆ రోజంతా గుంజల చుట్టూ తిరిగారు. ఆ తర్వాత రెండు వానాకాలాలు పోయాయి.

నేను ఇప్పుడు సాయంత్రం మిషన్ ఆపేసి పాపను నది దాకా నడిపిస్తున్నాను. ఫోన్ కోసం ఏడుస్తుంది, ఏడవనిస్తున్నాను. నా పిల్లను నేను చూసుకుంటాను. మిగతా తల్లులు చీకటి పడ్డాక కూలి నుంచి వస్తారు, వాళ్ళ పిల్లల్ని ఎవరు ఆడిస్తారు?

ఒక్కసారి ఎవరినైనా పంపండి. మూడు గుంజలు పడిపోయాయి. నాలుగోది ఇంకా ఉంది, జాగా నేనే చూపిస్తాను.

ఇట్లు,
ఒక తల్లి,
సిరోంచ తాలూకా