శరణార్థుల సేవా సంస్థలను నడిపేవారి సంతకానికి భరోసా ఏది? మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. ఇంతకు ముందు మేము సమర్పించిన వినతిపత్రాలకు అందినట్లు ముద్ర వేసిన రసీదులు తప్ప జవాబు రాలేదు. అందువల్ల ఈసారి మీతో పాటు నలుగురూ చదివేలా రాయవలసి వచ్చింది. మిమ్మల్ని రచ్చకీడ్చాలన్న ఉద్దేశం మాకు లేదు. మూసిన కవర్లో పంపిన మాట మీ బల్ల దాకా చేరడం లేదన్నదే మా బాధ.

మేము చెప్పదలచుకున్న విషయం ఒక్కటే. శరణార్థులకు తోడ్పడే మా వంటి చిన్న సంస్థలకు అధ్యక్షులుగా, కార్యదర్శులుగా, కోశాధికారులుగా ఉండటానికి ఒప్పుకునేవారు కరువవుతున్నారు. సాయం చేసేవారు తగ్గారని మేము అనడం లేదు. పిల్లలకు చదువు చెప్పడానికి, రోగుల వెంట ఆసుపత్రికి వెళ్లడానికి, దుప్పట్లు, బట్టలు పోగుచేయడానికి ఈనాటికీ మనుషులు వస్తూనే ఉన్నారు. అయితే కార్యవర్గంలో పేరు రాసుకుంటామని, ఇక్కడ సంతకం చేయమని అడిగిన మరుక్షణం వారు వెనక్కి తగ్గుతున్నారు. వారిని మేము తప్పుపట్టలేము. ఆ సంతకం తమను ఎక్కడికి తీసుకుపోతుందో ఏ అధికారీ కాగితం మీద చెప్పనప్పుడు, కుటుంబం ఉన్న మనిషి ఏ ధైర్యంతో సంతకం చేస్తారు?

ఈ సంస్థలను నడుపుతున్నది ఎవరో మీకు తెలియనిది కాదు. ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు, నర్సులు, బ్యాంకు ఉద్యోగులు, ఇంటిపని ముగించుకుని వచ్చే గృహిణులు, కోర్టు పని అయ్యాక వచ్చే యువ న్యాయవాదులు. వీరిలో ఎవరికీ జీతం లేదు, గౌరవ వేతనం కూడా లేదు. రాత్రివేళ ఫోను మోగితే లేచేది వీరే. ఆడిట్ కాగితాలు సిద్ధం చేసేది, ఆదాయపు పన్ను శాఖకు లెక్కలు పంపేది, మినిట్స్ పుస్తకం రాసేది, ఠాణా నుంచి పిలుపు వస్తే వెళ్లేది కూడా వీరే. పని భారం గురించి మేము ఫిర్యాదు చేయడం లేదు, ఎందుకంటే దానిని మేము ఇష్టపడి తలకెత్తుకున్నాము. పనికి తోడుగా వచ్చిపడిన అనుమానాన్ని మాత్రం మేము కోరి తెచ్చుకోలేదు.

ముందుగా అద్దె గది సంగతి చెబుతాము. చిన్నపిల్లలతో వచ్చిన కుటుంబానికి నాలుగు రోజులు తలదాచుకునే చోటు కావాలంటే, ఇంటి యజమాని ఆ కుటుంబం పేరు మీద ఒప్పందం రాయడు. సంస్థ కార్యదర్శి పేరు మీద, వారి సొంత ఆధార్‌తో, సొంత పూచీ మీద రాస్తాడు. 2025 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన వలసలు, విదేశీయుల చట్టం ప్రకారం విదేశీయులకు వసతి ఇచ్చేవారు ఆ వివరాలను రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి. విద్యాసంస్థలకూ ఆసుపత్రులకూ ఇటువంటి బాధ్యతే ఉంది. దీనికి మేము అభ్యంతరం చెప్పలేదు, వివరాలు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాము. కానీ ఒప్పందం మీద సంతకం చేసిన కార్యదర్శిని చట్టం దృష్టిలో వసతి ఇచ్చిన మనిషిగా చూడాలా, ఇల్లు ఇచ్చిన యజమానినే అలా చూడాలా? ఐక్యరాజ్యసమితి శరణార్థుల హైకమిషనర్ కార్యాలయం ఇచ్చిన కార్డు తప్ప వేరే పత్రం లేని కుటుంబం గురించి తెలియజేసినప్పుడు, తెలియజేసినవారిని సహకరించినవారిగా చూస్తారా, దాచినవారిగా చూస్తారా? ఈ ప్రశ్నలకు ఒక కార్యాలయంలో ఒక మాట, ఇంకో కార్యాలయంలో ఇంకో మాట నోటితో చెప్పారు. రాసివ్వమంటే మాత్రం అందరూ పై అధికారి వైపు వేలు చూపించారు.

మన దేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద గానీ, 1967 నాటి ప్రోటోకాల్ మీద గానీ సంతకం చేయలేదని, శరణార్థుల కోసం ప్రత్యేక చట్టం లేదని మాకు తెలుసు. చట్టం లేనిచోట ప్రభుత్వ ఉత్తర్వులే దారి చూపాలి. ఆ ఉత్తర్వులు ఒక్కొక్క సమూహానికి ఒక్కొక్క తీరుగా ఉన్నాయి. 1959 తరువాత వచ్చిన టిబెటన్లకు ఒక పద్ధతి ఉంది. 2015 జనవరి 9 లోగా ఇక్కడ ఆశ్రయం పొంది నమోదైన శ్రీలంక తమిళులకు కొత్త చట్టంలోని శిక్షల నుంచి మినహాయింపు ఇచ్చారు. అఫ్గానిస్తాన్, బంగ్లాదేశ్, పాకిస్తాన్‌ల నుంచి మతపరమైన వేధింపులు భరించలేక లేదా ఆ భయంతో 2024 డిసెంబరు 31 లోగా వచ్చిన కొన్ని మైనారిటీ మతాలవారికి కూడా మినహాయింపు ఉంది. మయన్మార్ నుంచి వచ్చినవారికి ఆ జాబితాలో చోటు లేదు. శరణార్థులమని చెప్పుకునే విదేశీయుల విషయంలో పాటించవలసిన విధివిధానాలను 2011లో జారీ చేసి, 2019లో సవరించారు. ఇవన్నీ మీ శాఖకు కొట్టిన పిండి. మా దగ్గర మాత్రం ఒకే చాప మీద కూర్చున్న మూడు కుటుంబాలకు మూడు రకాల నియమాలు వర్తిస్తాయి. ఆ తేడాలన్నీ కంఠస్థం చేసి, ఎవరికి ఏ సాయం చేయవచ్చో, ఏది చేస్తే నేరమవుతుందో తేల్చవలసిన బాధ్యత న్యాయశాస్త్రం చదవని ఒక స్వచ్ఛంద కార్యదర్శి మీద పడుతోంది.

ఆసుపత్రిలో మాకు ఎదురవుతున్నది ఇంకా బాధాకరంగా ఉంటుంది. నెలలు నిండిన తల్లిని తీసుకువెళితే, బంధువు సంతకం చేయవలసిన చోట మా సభ్యురాలు సంతకం చేస్తుంది, ఎందుకంటే ఆ తల్లికి ఈ దేశంలో మరో బంధువు లేదు. బిడ్డ పుట్టాక జనన నమోదు కోసం మళ్లీ ఆమే తిరుగుతుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ఈ నేల మీద జరిగిన ప్రతి జననాన్నీ నమోదు చేయమంటోంది, 21 రోజుల్లోగా తెలియజేయమంటోంది. తల్లిదండ్రులు ఫలానా దేశస్థులైతేనే నమోదు చేయాలన్న షరతు అందులో లేదు. అయినా తల్లిదండ్రుల ఆధార్ తెమ్మని తిప్పిపంపుతారు. గట్టిగా అడిగితే, వీరి తరఫున మాట్లాడటానికి మీరెవరు, మీ ఆధార్ కాపీ ఇచ్చి వెళ్లండి అంటారు. అలా ఇచ్చి వచ్చిన కాపీ ఏ ఫైలులో చేరిందో తెలియక మా సభ్యురాలు ఎంతకాలం భయంతో గడపాలి? బిడ్డ పుట్టిన తేదీని కాగితం మీదికి ఎక్కించాలని అడగడం తప్ప ఆమె చేసిందేమీ లేదు.

బడి విషయం కూడా అంతే. విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు ధ్రువీకరణ లేదన్న కారణంతో ఏ బిడ్డకూ ప్రవేశం నిరాకరించకూడదు. మయన్మార్ నుంచి వచ్చిన రోహింగ్యా పిల్లలు ప్రవేశం కోసం ప్రభుత్వ పాఠశాలలను ఆశ్రయించవచ్చని, కాదంటే హైకోర్టుకు వెళ్లవచ్చని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్కొక్క బిడ్డ కోసం హైకోర్టుకు వెళ్లే స్తోమత మాకు ఎక్కడిది?

ఇక డబ్బు సంగతి. బ్యాంకు ఖాతా తెరవలేని కూలీలు పిల్ల పెళ్లికో, వైద్యానికో కూడబెట్టిన సొమ్మును మా కోశాధికారి దగ్గర దాచుకుంటామని అడుగుతారు. గదిలో పెట్టుకుంటే దొంగల భయం, నిప్పు భయం. అడిగిన ప్రతిసారీ ఆయన కాదని చెప్పవలసి వస్తోంది, ఎందుకంటే రేపు తన ఇంట్లో విదేశీయుల సొమ్ము ఉందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఆయన ఏ కాగితం చూపించగలడు? అఫ్గానిస్తాన్ నుంచి వచ్చి, కుట్టుపని చేసుకుంటూ నిలదొక్కుకున్న ఒకాయన, కష్టకాలంలో తనను ఆదుకున్న సంస్థకు నెలనెలా కొంత చందా ఇస్తానని ముందుకు వచ్చాడు. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం విదేశీ పౌరుడి నుంచి వచ్చింది రూపాయల్లో ఉన్నా విదేశీ విరాళమే అవుతుంది కాబట్టి, రిజిస్ట్రేషన్ లేని మేము ఆ చందా తీసుకోలేకపోయాము. ఆ మాట ఆయనకు చెప్పినప్పుడు, తన డబ్బులో ఏం దోషం ఉందని ఆయన అడిగాడు. దానికి మా దగ్గర జవాబు లేదు.

రిజిస్ట్రేషన్ తెచ్చుకోవచ్చు కదా అని మీ సిబ్బంది అనవచ్చు. సంస్థకు కనీసం మూడేళ్లు నిండి ఉండాలి, గత మూడేళ్లలో 15 లక్షల రూపాయలు సేవా కార్యక్రమాల మీద ఖర్చు చేసి ఉండాలి, పదవుల్లో ఉన్న ప్రతి ఒక్కరూ ఆధార్ గానీ పాస్‌పోర్టు గానీ ఇవ్వాలి, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా తెరవాలి. 2020 సవరణతో పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. ఒక సంస్థ తాను పొందిన విదేశీ విరాళంలో నుంచి ఇంకో సంస్థకు ఇవ్వడాన్ని కూడా అదే సవరణ నిషేధించింది. పెద్ద సంస్థలు మా వంటి చిన్నవారికి ఇస్తూ వచ్చిన చేయూతకు ఆ దారి కూడా మూసుకుపోయింది. దేశ భద్రత కోసం లెక్కలు చూడవలసిందే, మేము కాదనడం లేదు. కానీ పెద్ద పెద్ద కార్యాలయాలు ఉన్న సంస్థలకు కుట్టిన చొక్కానే చందాలతో నడిచే సంస్థకూ తొడిగితే, మా కార్యదర్శులు అందులో ఊపిరాడక పదవులు వదిలేస్తున్నారు.

నిజానికి మా సంస్థను నడపవలసినవారు మేము కాము. శరణార్థులలోనే నాలుగు భాషలు వచ్చినవారు, తగాదాలు తీర్చగలిగినవారు, ఏ ఇంట్లో ఏ కష్టం ఉందో మాకంటే ముందుగా తెలిసినవారు ఉన్నారు. వారిలో ఒకరిని అధ్యక్షులుగా ఎన్నుకోవాలని మా సభ్యులు ఎన్నోసార్లు అనుకున్నారు. అయితే బ్యాంకు సంతకం కోసం అడిగే పత్రాలు వారి దగ్గర లేవు, అధికారుల ముందు నిలబడితే ముందుగా వారి ఉనికి మీదనే ప్రశ్న వస్తుంది. అందువల్ల ఆ కుర్చీలో ఎప్పుడూ మాలో ఒకరమే కూర్చోవలసి వస్తోంది. మాలో పెద్దవారికి ఓపిక తగ్గుతోంది. యువకులను అడిగితే, పాస్‌పోర్టు కోసం పోలీసు విచారణకు వచ్చినప్పుడు దీని గురించి అడిగితే ఏం చెప్పాలని ఇంట్లో పెద్దవాళ్లు వారిస్తున్నారని చెబుతున్నారు. ఆ పిల్లలు పిరికివారు కారు. వరదల్లో నడుములోతు నీటిలో దిగి పనిచేసినవారే. వారిని భయపెడుతున్నది మీ శాఖ మౌనం.

మంత్రి గారూ, మేము మిమ్మల్ని కలిసినప్పుడు మీరు ఓపికగా విన్నారు, మా సభ్యులు చేస్తున్నది పుణ్యకార్యమని అన్నారు. మా వంటి సంస్థల సందేహాలు తీర్చడానికి ఒక నోడల్ అధికారిని నియమిస్తామని, ఏ సాయం చేయవచ్చో వివరిస్తూ ఒక సర్క్యులర్ పంపిస్తామని మాట ఇచ్చారు. ఆ మాటను మా మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాము. దానిని నమ్మి అప్పటి కోశాధికారి తన రాజీనామాను వెనక్కి తీసుకున్నారు. నోడల్ అధికారి రాలేదు, సర్క్యులర్ రాలేదు. ఆ తరువాత మేము రాసిన ప్రతి ఉత్తరంలో ఆ మాటను గుర్తుచేశాము. ఫైలు పరిశీలనలో ఉందని ఫోనులో చెప్పారు, ఏ దశలో ఉందో చెప్పలేదు. ఆ కోశాధికారి మళ్లీ రాజీనామా ఇచ్చారు. ఈసారి ఆయనను ఆగమని అడగడానికి మాకు నోరు రాలేదు.

పౌరులు కానివారి ప్రాణానికి కూడా రాజ్యాంగంలోని 21వ అధికరణం రక్షణ ఉంటుందని, ఆ రక్షణ కల్పించడం ప్రభుత్వ బాధ్యత అని నేటి బంగ్లాదేశ్ ప్రాంతం నుంచి వచ్చి అరుణాచల్ ప్రదేశ్‌లో ఉంటున్న చక్మాల విషయంలో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. ఆ బాధ్యతలో కొంత భాగాన్ని మా సభ్యులు ప్రభుత్వానికి ఖర్చు లేకుండా మోస్తున్నారు. జ్వరంతో ఉన్న పిల్లవాడిని ఆసుపత్రికి చేర్చినవారిని ఎవరూ నేరస్థులుగా చూడకూడదని మీరు ఒక్క వాక్యం రాసి సంతకం చేస్తే, ఎంతోమంది ఇళ్లలో భయం పోతుంది. మేము సంతకాలు చేస్తూనే ఉన్నాము, మీరు కూడా ఒక్క సంతకం చేయండి అని అడుగుతున్నాము.

మేము నిధులు అడగడం లేదు, భవనం అడగడం లేదు, సన్మానాలు అసలే వద్దు. తనిఖీ చేయండి, లెక్కలు చూడండి, ఎప్పుడు పిలిచినా వస్తాము. అద్దె ఒప్పందం మీద, ఆసుపత్రి కాగితం మీద, బడి దరఖాస్తు మీద సంస్థ తరఫున సంతకం చేసేవారి బాధ్యత ఎంతవరకో రాతపూర్వకంగా తెలియజేయండి. జనన నమోదును నిరాకరించవద్దని కింది కార్యాలయాలకు ఆదేశాలు పంపండి. మాట ఇచ్చిన నోడల్ అధికారి పేరు, ఫోను నంబరు ఇవ్వండి. ఇవన్నీ ఒకేసారి కుదరకపోతే, ముందుగా ఆ రాతపూర్వకమైన స్పష్టత అయినా ఇవ్వండి. దయచేసి ఈ ఉత్తరానికి కూడా ఉత్త రసీదు పంపి ఊరుకోవద్దు.

మా సర్వసభ్య సమావేశం దగ్గరపడుతోంది. ప్రస్తుత కార్యవర్గం గడువు అప్పటితో ముగుస్తుంది. ఇప్పటివరకు అధ్యక్ష పదవికి గానీ, కోశాధికారి పదవికి గానీ ఒక్క పేరు కూడా రాలేదు. ఎవరూ రాకపోతే నిబంధనల ప్రకారం సంస్థను మూసివేసే తీర్మానం పెట్టవలసి వస్తుంది. అప్పుడు మా దగ్గరికి వచ్చే కుటుంబాలను ఏ కార్యాలయానికి పంపాలో ఆ సమావేశంలో సభ్యులు అడుగుతారు. మీ జవాబును మేము ఆ సమావేశానికి ముందే వారికి చదివి వినిపించాలి.

ఇట్లు,
శరణార్థుల సేవా సంస్థ కార్యవర్గం తరఫున,
కార్యదర్శి