కట్టు విప్పేటప్పుడు ఎదురుగా నిలబడు

మెహిదీపట్నం, హైదరాబాద్
ఆదివారం సాయంత్రం

బంగారుతల్లీ,

మొన్న రాత్రి ఫోన్‌లో నువ్వన్న మాట నా మనసులోంచి పోవడం లేదు. "క్యాంప్ డ్యూటీ అంటేనే విసుగొస్తోందమ్మా, పొద్దుట్నుంచి రాత్రి దాకా అదే శుక్లాల ఆపరేషన్, ఆ ముసలమ్మలు చెప్పింది వినరు, ఇందులో నేను నేర్చుకునేదేముంది" అన్నావు. బాగా అలిసిపోయి ఉన్నావని తెలిసి, అన్నం తిని పడుకోమని చెప్పి పెట్టేశాను. కానీ నీకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఫోన్‌లో సగం సగం చెప్పడం నాకు ఇష్టం లేదు.

రైతుబజార్‌కు పోయినప్పుడల్లా సరోజినీదేవి కంటి ఆసుపత్రి ముందు నుంచే పోతాను. గేటు దగ్గర కంటికి పట్టీతో ఎవరో ఒకరు ఆటో కోసం నిలబడి ఉంటారు, పక్కన చెయ్యి పట్టుకుని ఒక మనవడో మనవరాలో. ఒకప్పుడు అలా చెయ్యి పట్టుకుని నిలబడ్డది నేనే.

1974లో నాకు తొమ్మిదేళ్లు. మా నాయనమ్మకు రెండు కళ్లకూ పొరలు కమ్మేశాయి. వాకిట్లో ఎండ, నీడ తెలిసేవి, అంతే. వయసు మీద పడితే చూపు పోవడం మామూలే అనుకుని అరుగు మీద కూర్చునేది. పట్నం తీసుకుపోవాలంటే ఇంట్లో ఒకరికి నాలుగు రోజుల కూలి పోతుంది, బస్సు ఖర్చు ఒకటి. పోయినా, అప్పట్లో "శుక్లం ఇంకా ముదరలేదు, ముదిరాక రండి" అని తిప్పి పంపేవాళ్లు. అలాంటిది మా ఊరి హైస్కూల్లో కళ్ల ఆపరేషన్ల క్యాంపు పెట్టారు.

తరగతి గదుల్లో గడ్డి పరిచి పైన జంపఖానాలు వేశారు. ఆపరేషన్ అయ్యాక నాయనమ్మను వెల్లకిలా పడుకోబెట్టి, రెండు కళ్లకూ కట్టు కట్టి, తల కదలకుండా అటొక ఇసుక సంచి, ఇటొక ఇసుక సంచి పెట్టారు. ఎందుకో నీకు నేను చెప్పక్కర్లేదు. అప్పట్లో పెద్ద కోత పెట్టి శుక్లాన్ని మొత్తంగా బయటికి తీసేవాళ్లు. గట్టిగా దగ్గినా, తుమ్మినా కోత విచ్చుకోవచ్చు. నాయనమ్మకేమో ముక్కుపొడుం అలవాటు! తుమ్మితే కన్ను పోతుందని కాంపౌండర్ నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. ఆ డబ్బీ నా లంగా మడతలో దోపుకుని, రాత్రంతా ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. పొడుం కోసం ఆమె నన్ను తిట్టింది, బతిమాలింది, చివరికి ఏడ్చింది కూడా. నేను ఇవ్వలేదు. నీ క్యాంపులో చెప్పింది వినని ముసలమ్మలు అన్నావే, వాళ్లను తలుచుకుంటే నాకు ఆ రాత్రే గుర్తొస్తుంది. రెండు కళ్లూ కట్టేసి కదలొద్దంటే ఎవరికి భయం వెయ్యదు తల్లీ!

ఆరు వారాలకు అద్దాల కోసం పట్నం వచ్చాం. గౌలిగూడలో బస్సు దిగి, ఇంకో బస్సెక్కి సరోజినీదేవికి. సోడాబుడ్డి అద్దాలు పెట్టారు. వాటిలోంచి అన్నీ పెద్దగా, దగ్గరగా కనబడతాయి కదా, చాయ్ గ్లాసు అందుకోబోయి గాలిని పట్టుకుంది. మెట్టు రాకముందే కాలు ఎత్తింది. తర్వాత నా గడ్డం పట్టుకుని ముఖం వెలుతురుకు తిప్పింది. "నీ ముక్కు మీ తాతదే" అంది. నేను పుట్టినప్పటికే ఆమె చూపు మందగించింది. నా ముఖం ఆమె సరిగ్గా చూడటం అదే మొదటిసారి.

ఆ తర్వాత బతికినన్నాళ్లూ "నాకు కన్నిచ్చింది శివారెడ్డి డాక్టరు" అనే చెప్పుకుంది. ఆపరేషన్ చేసిన మనిషిని ఆమె చూసిందే లేదు. ముందు పొరలు, తర్వాత కట్టు. కట్టు విప్పేనాటికి డాక్టర్లు ఇంకో ఊరు వెళ్లిపోయారు. ఆ రోజు ఆమె కంట్లో చెయ్యి పెట్టింది ఏ కుర్ర డాక్టరో కావచ్చు, నీలాంటి పిల్లే కావచ్చు. అయినా ఆమెను ఎవరం సవరించలేదు. ఎందుకంటే ఆ పేరు ఊరికే రాలేదు. డాక్టర్ పి. శివారెడ్డి గారు 1920లో కర్నూలు జిల్లాలో పుట్టారు. సరోజినీదేవికి ఏళ్ల తరబడి సూపరింటెండెంట్‌గా ఉన్నారు. గుడ్డిదైపోయిన ముసలమ్మ ఆసుపత్రి దాకా రాలేదని ఆసుపత్రినే ఊళ్లకు తీసుకుపోయిన మనిషి. అంధత్వ నివారణకు దేశమంతటికీ జాతీయ కార్యక్రమం వచ్చింది 1976లో. ఆయన క్యాంపులు అంతకు ముందు నుంచే నడుస్తున్నాయి. ఆయన చేతి మీదుగా జరిగిన ఆపరేషన్లు లక్షకు పైమాటే. 1971లో పద్మశ్రీ, 1977లో పద్మభూషణ్ ఇచ్చారు. 2005లో పోయారు. ఇవన్నీ నీకు క్లాసులో చెప్పే ఉంటారు. కానీ అన్ని వేలసార్లు అదే ఆపరేషన్ చెయ్యడంలో ఆయనకు నేర్చుకునేది ఏం మిగిలి ఉంటుందో ఒక్కసారి ఆలోచించు. నాకు తోచింది చెప్తాను. ఆపరేషన్ ఒకటే, కన్ను మాత్రం ప్రతిసారీ కొత్తది. ఆ కంటి వెనక ఇంకా చూడని ఒక మనవరాలి ముఖం ఉంటుంది.

ఇప్పుడు మీకు పని ఎంతో తేలికైంది. చిన్న కోత, లోపలే లెన్సు, సాయంత్రానికి ఇంటికి. ఇసుక సంచులు లేవు, సోడాబుడ్డి అద్దాలు లేవు. కాబట్టి నీకు కాస్త టైం మిగులుతుంది. నాకోసం ఒక పని చెయ్యి. మర్నాడు పట్టీ విప్పేటప్పుడు ఆ పని సిస్టర్‌కు వదిలెయ్యకు. మాస్కు తీసి ఆమె ఎదురుగా నిలబడు. పేరు పెట్టి పిలువు, నీ పేరు చెప్పు. ఇంటికి పోయి ఆమె ఎవరి పేరు చెప్పుకున్నా ఫర్వాలేదు, నిన్నొక్కసారి చూడనీ.

వచ్చే క్యాంపు ఏ ఊళ్లోనో రాయి. ఆ పొడుం డబ్బీ ఇంకా నా బీరువాలోనే ఉంది, ఈసారి వచ్చినప్పుడు చూపిస్తాను.

వేళకు తిను.

మీ అమ్మ