సామల తవుడు ఎవరి పాలు? ఒడిశా వ్యవసాయ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వ్యవసాయ, రైతు సాధికారత శాఖ మంత్రిగారికి,

రాయగడ జిల్లా గుణుపురంలో పిండి మిల్లు నడుపుతున్న ఒక తెలుగువాడి నమస్కారములు.

2017లో మన రాష్ట్రం చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టాక మండియాకు, అంటే మేము చోళ్లు అని పిలుచుకునే రాగులకు, ఆదరణ పెరిగింది. ఆ మేలును కాదనను. నా విన్నపమల్లా, పండిన గింజ కంచంలోకి చేరేలోపు యంత్రంలో పోగొట్టుకుంటున్న దాని గురించి.

చోళ్లతో అంత చిక్కు లేదు. పైపొర గింజను అంటిపెట్టుకునే ఉంటుంది కనుక మొత్తం గింజనే పిండి పడతాం. జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే, పాలిష్ బియ్యంలో 10 మిల్లీగ్రాములైనా లేదు. సన్న జల్లెడ పట్టి పొట్టు పారేస్తే ఆ కాల్షియంలో చాలా భాగం పోతుందని మిల్లుకు వచ్చేవారికి చెప్పి చెప్పి అలసిపోయాను.

సామలు, కొర్రల సంగతి వేరు. వాటి ఊక మనిషికి అరగదు, తీయక తప్పదు. ఊక కింది పలుచని తవుడు పొరలోనూ, గింజ కొసనున్న అంకురంలోనూ పీచు, ఇనుము, బి విటమిన్లు, కొవ్వు ఎక్కువగా ఉంటాయి. మా అమ్మమ్మ రోట్లో దంచి చేటతో చెరిగిన సామలు మసకరంగులోనే ఉండేవి. ఇప్పుడు ఊక తీసిన గింజను మళ్లీ పాలిష్ పట్టి తెల్లగా మెరిపిస్తున్నారు. వ్యాపారిని పూర్తిగా తప్పుపట్టలేను: తవుడులోని కొవ్వు వల్ల గింజ త్వరగా ముక్కవాసన వేస్తుంది, తెల్లటిదైతే నెలల తరబడి నిలుస్తుంది. కానీ పిల్లలకు దక్కవలసింది పశువుల కుడితిలో కలుస్తోంది.

ఉప్పుడు బియ్యానికి చేసినట్టే సామలను నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి ఆడిస్తే నూక తగ్గుతుంది, పైపొరలోని విటమిన్లు కొంత లోపలికి ఇంకుతాయి. ఒడిశా ఇళ్లకు ఇది కొత్త విద్య కాదు.

అందుచేత అంగన్‌వాడీలకు, ఆశ్రమ పాఠశాలలకు సామలు, కొర్రలు కొనేచోట ఊక మాత్రమే తీసిన గింజనే తీసుకోవాలని టెండరు నిబంధనల్లో చేర్చించండి. పాలిష్ పట్టారో లేదో, ఏ తేదీన ఆడించారో సంచి మీద ఒడియాలోనూ, ఈ సరిహద్దు జిల్లాల కోసం తెలుగులోనూ ముద్రింపజేయండి. నిల్వ సమస్యకు దారి ఉంది: ఊకతో ఉన్న సామలు ఏళ్ల తరబడి చెడవు కనుక వాటిని అలాగే గిడ్డంగిలో ఉంచి, పంచాయతీల్లో చిన్న యంత్రాలు పెట్టి, ఏ నెలకు కావలసినవి ఆ నెలలోనే ఆడించవచ్చు.

ఇట్లు,
గుణుపురం పిండి మిల్లు యజమాని