అండగా నిలిచిన హనుమకొండ వారికి కృతజ్ఞతలు

పసితనంలో సోకిన పోలియో వల్ల నా కుడి కాలు చచ్చుబడింది. అప్పటినుంచి కాలికి ఆసరాగా కట్టుకునే కాలిపర్‌తో, చంకకర్రలతో నడుస్తూనే చదువుకొని, ఉద్యోగం చేసి విరమణ పొందిన నాకు ఈ కాలి గురించి ఇక కొత్తగా తెలుసుకోవలసింది ఏమీ లేదన్న ధీమా ఉండేది. అరవై దాటాక అది సడలింది. ఇంతకాలం నన్ను మోసిన ఎడమ కాలు మెట్ల దగ్గర వణకసాగింది, భుజాల నొప్పితో నిద్ర కరువైంది, మధ్యాహ్నానికే ఒళ్లు అలసిపోయేది. చూపించుకున్న చోటల్లా వయసు మీద పడిందనే అన్నారు.

ఇది వయసు ఒక్కదానివల్ల వచ్చింది కాదేమోనని అనుమానించి, నన్ను నరాల వైద్యుల వద్దకు పంపి, పోలియో అనంతర రుగ్మత అని తేలేవరకు వెంట ఉన్న ఫిజియోథెరపిస్టు గారికి మొదటి నమస్కారం. నాడు చనిపోయిన నరకణాల పనిని కూడా మిగిలినవి నెత్తిన వేసుకొని, కొత్త కొమ్మలు వేసి కండరాలను దశాబ్దాలపాటు నడిపిస్తాయని, ఆ అదనపు భారంతోనే అవి క్రమంగా నీరసిస్తాయని ఆమె ఓపికగా వివరించారు. ఎంత శ్రమిస్తే అంత బలమని వింటూ పెరిగిన నాకు, అలసట రాకముందే ఆగాలన్న ఆమె మాట చాలాకాలం మింగుడుపడలేదు. దేశంలో సహజ వైరస్ వల్ల వచ్చిన చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది కనుక, నేటి యువ వైద్యులకు ఈ జబ్బు పుస్తకాల్లోనే ఎదురై ఉంటుంది; వారిని తప్పుపట్టను. కానీ ఆ జబ్బుతో బతికిన మా తరం ఇంకా ఉంది, ముసలిదవుతోంది.

మా ఇంటికి ర్యాంపు కట్టించిన కాలనీ వారికి, అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాల్సిందేనని పట్టుబట్టి, అందుకోసం మా తులసి గద్దెను సైతం జరిపించిన మేస్త్రీ గారికి రుణపడి ఉన్నాను. (మా ఇంటావిడ ఆయనను ఇంకా పూర్తిగా క్షమించలేదు.) నా పాత సదరం వైకల్య ధ్రువపత్రం పట్టుకొని దివ్యాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ) కోసం మీసేవ చుట్టూ నా బదులు తిరిగిన ఎదురింటి అబ్బాయికి ఆశీస్సులు.

ఇనుము, తోలుతో చేసిన నా పాత కాలిపర్ స్థానంలో తేలికపాటి ప్లాస్టిక్‌ది తయారుచేసి, తొడ దగ్గర ఒరుసుకున్న ప్రతిసారీ విసుక్కోకుండా సరిచేసిన పెద్దమనిషి కూలి మాత్రం తీసుకోలేదు. ఈ సంగతి నలుగురిలో చెప్పవద్దని ఆయన కోరారు. కోప్పడతారని తెలిసీ రాస్తున్నాను.